శరభమునకు ఱెక్కలు వచ్చిన విధము

శరభ మనఁగా నేమని పాఠశాలలో విద్యార్థి నడిగినచో, ఎనిమిది కాళ్లును, రెండు ఱెక్కలును, సింహమును జంపు బలమును గల వింతమృగ మని చెప్పును. పండితు నడిగినను ఉత్తర మించుమించుగా నిదియే. కాని యీ యుత్తరములోని మూఁడు భాగములును ఒక్కనాఁడు పుట్టినవి కావు. ఎనిమిది కాళ్లును, సింహవధయు ఇతిహాసమునకుఁ దెలిసినవి. వేదమునకు అవియుఁ దెలియవు. ఱెక్కలు పురాణాగమములయందే కానవచ్చుచున్నవి. ఈ భేదమును పాటింపకపోవుటచేత మంత్రములకును, కావ్యశ్లోకములకును వాని కాలమునకుఁ జెందని యర్థములు చెప్పఁబడుచున్నవి. ఒక చక్కని శబ్దచరిత్రము మతకలహముక్రింద మఱుఁగుపడియున్నది. కావున శరభము యొక్క జాతిని, వాసమును, అవయవములను గ్రంథములనుండియే వరుసగాఁ బరిశీలించి, దానికి ఱెక్కలు వచ్చిన క్రమమును నిర్ణయింపవలసియున్నది.

ముందుగా శబ్దము. అభచ్ప్రత్యయమును విధించు ఉణాదిసూత్ర మొకటి యైదు ధాతువులను ఒక్కచోటఁ జేర్చినది. దానిచేత కరభము, శరభము, శలభము, కలభము, గర్దభము అను నైదు శబ్దములు సిద్ధించుచున్నవి. ఐదును జంతువాచకములే. ప్రత్యయమునందలి చకారము స్వరార్థమైన యిత్తు; అందుచేతనే వేదమునందు శరభశబ్ద మంతోదాత్తముగా వినఁబడును. ధాతువు హింసార్థకమైన శౄ. కావున ‘హింసించునది’ యనునంతవఱకే వ్యుత్పత్తివలనఁ దెలియును. గోళ్లతో హింసించునో, కొమ్ములతో హింసించునో వ్యుత్పత్తి చెప్పదు. కాళ్లసంఖ్యగాని, ఱెక్కలుగాని యందు లేవు. అయినను ఆ సూత్రమునందే శరభమునకుఁ బ్రక్కగా శలభము, అనఁగా మిడుత, నిలిచియున్న దను సంగతి జ్ఞాపకమునం దుంచుకొనఁదగినది. దాని ప్రయోజనము ముందు తెలియఁగలదు.

వేదమునందు శరభ మెట్టిది? ఋక్సంహిత యెనిమిదవ మండలమున శరభుఁ డనునది ఋషిబంధువైన యొక పురుషుని పేరు. దానివలన మృగస్వరూపము తెలియదు. అథర్వసంహిత తొమ్మిదవ కాండమున, పుణ్యలోకమునకుఁ బంపఁబడు మేఁకను ఉద్దేశించి, అది దుర్గమస్థలములను శరభమువలె దాఁటుచున్న దని చెప్పఁబడినది. తెలుఁగుదేశమున విశేషముగా నధ్యయనము చేయఁబడు తైత్తిరీయసంహిత నాలుగవ కాండమున, అగ్నిచయనమంత్రములయందు, అగ్నితాపము గ్రామ్యపశువును వీడి తత్ప్రతిరూపమైన యారణ్యపశువునకుఁ బోవలె నను ప్రార్థన యున్నది. అచ్చట గుఱ్ఱమునకు గౌరమృగమును, గోవునకు గవయమును, గొఱ్ఱెకు ఒంటెయు, మేఁకకు శరభమును ప్రతిరూపములు. ఐతరేయబ్రాహ్మణము రెండవ పంచికలో మేధము, అనఁగా యజ్ఞయోగ్యమైన సారము, ఒక్కొక్క పశువును విడిచిపోయిన కథ యున్నది. అందును మేధము మేఁకను విడువఁగా మిగిలినది శరభ మయ్యె నని చెప్పఁబడినది.

ఈ మూఁడు సాక్ష్యములును వేఱువేఱు శాఖలకుఁ జెందినవి, ప్రకరణములును వేఱు. అయినను మూఁడింటను శరభము మేఁకప్రక్కనే నిలిచియున్నది. గవయము గోవును బోలిన యడవిమృగ మయినట్లే, శరభము మేఁకను బోలిన యడవిమృగ మని గ్రహించుట ప్రకరణానుగుణము. దుర్గమస్థలములను దాఁటుట దాని ప్రసిద్ధలక్షణము. కొండచఱియలపై నొక శిలనుండి మఱొక శిలకు దూఁకు కొండమేఁకకు ఇంతకంటెఁ దగిన వర్ణన లేదు. సాయణాచార్యులు ఐతరేయవ్యాఖ్యలో శరభమునకు ఎనిమిది కాళ్లుగల సింహఘాతి యగు మృగవిశేష మని యర్థము వ్రాసిరి. అది తమ కాలమునాఁటి ప్రసిద్ధిని మూలమునకుఁ జేర్చుట. అయినను 14వ శతాబ్దివారగు ఆ మహావిద్వాంసులును దానిని మృగ మనియే చెప్పిరి; ఱెక్కల మాట యెత్తలేదు.

వేదానంతరవాఙ్మయమునందును శరభము చిరకాలము సామాన్యమృగముగనే యున్నది. అమరసింహుఁడు సింహాదివర్గమున దానిని గవయము, కుందేలు మున్నగువానితోఁ గలిపి చెప్పెను, పక్షులలోఁ జేర్పలేదు. చరకసంహిత సూత్రస్థానమునందలి యన్నపానాధ్యాయము జాంగలమృగములను లెక్కించుచు శరభమును జెప్పినది. అనఁగా వైద్యునిదృష్టిలో నది మాంసగుణము విచారింపఁదగిన మృగము. బౌద్ధులజాతకకథలలో బోధిసత్త్వుఁడు శరభమృగమై పుట్టి, తన్ను వేఁటాడవచ్చి గోతిలోఁ బడిన రాజును పైకిఁ దీసి రక్షించును. ఆర్యశూరుఁడు జాతకమాలలో ఈ కథనే సంస్కృతీకరించెను. ఆ శరభము దయామయమైన వనమృగము. దానికి భయంకరత్వ మనునదియే లేదు.

మఱి యెనిమిది కాళ్లు ఎక్కడివి? మహాభారతము శాంతిపర్వమున శరభమునకు ఎనిమిది పాదము లనియు, ఊర్ధ్వచరణము లనియు విశేషణము లున్నవి. హేమచంద్రుఁడు అభిధానచింతామణిలో దానికి కుంజరారాతి, ఉత్పాదకము, అష్టపాత్తు అను పేళ్లను ఇచ్చెను. తెలుఁగు నిఘంటువులు శరభమునకు ‘మీఁగాళ్లమెకము’ అను దేశ్యనామము నిచ్చుచున్నవి. మీఁదికిఁ గాళ్లుగల మెక మని దాని యర్థము. సంస్కృతమునందలి ఊర్ధ్వచరణశబ్దమున కిది సరియైన తెలుఁగు.

ఇచ్చట వ్యాకరణము కొంత తోడ్పడును. అష్టపాత్తనునది సంఖ్యాపూర్వపదమైన బహువ్రీహి, పాదశబ్దాంత్యలోపముచేత సిద్ధించినది, అవయవార్థము స్పష్టము. అష్టాపద మనునది వేఱు. అష్టన్ శబ్దమునకు సంజ్ఞయందు దీర్ఘము విధించు సూత్రము అష్టాధ్యాయి యాఱవ యధ్యాయము మూఁడవ పాదమున నున్నది. దీర్ఘమున్నచోట పదము సంజ్ఞ. సంజ్ఞయందు రూఢి బలవత్తరము. అందుచేతనే పందెపుబల్లయు, బంగారమును గూడ అష్టాపదము లగుచున్నవి. బంగారమునకుఁ గాళ్లను లెక్కింపువాఁడు లేఁడు. కావున అష్టాపదశబ్ద మొక్కదానినే చూపి శరభమున కెనిమిది కాళ్లు సాధించుట కుదురదు.

అయినను కాళ్లు వట్టి కల్పన యని త్రోసివేయుటయు సరికాదు. 11వ శతాబ్దివాఁడైన చక్రపాణిదత్తుఁడు చరకవ్యాఖ్యలో శరభమును వర్ణించుచు, అది యొంటెయంత ప్రమాణము గలది, పెద్దకొమ్ములు గలది, వీపుపై నాలుగు పాదములు గలది, కాశ్మీరమునఁ బ్రసిద్ధమైనది యని వ్రాసెను. ఈ వర్ణనలోఁ గొమ్ములును, వీపుపైనున్న పాదములును ఒక్కచోఁ గలిసినవి. కాశ్మీరమున శ్రీనగరమునకు సమీపమునందలి దాచిగామ్ అడవులలో నేఁటికిని హంగుల్ అను పెద్దజింక యున్నది. దాని కొమ్ములు చెట్టుకొమ్మలవలెఁ జీలి పైకి లేచును. ఆ ప్రాంతపుఁ బర్వతములయందే మార్ఖోర్ అను కొండమేఁక మెలివడిన పెద్దకొమ్ములతోఁ దిరుగుచున్నది. ఇట్టి మృగము మోర యెత్తి పరుగెత్తునపుడు కొమ్ములు వెనుకకు వంగి వీపుమీఁదికి వచ్చును. దూరమునుండి కొండశిఖరముపై దానిఁ జూచినవానికిఁ గ్రింద నాలుగుకాళ్లును, మీఁద మఱికొన్ని కాళ్లును గలట్లు తోఁచుట యసంభవము కాదు. కొమ్ముల మాట మఱచి, కాళ్ల మాట మాత్రమే చెప్పుకొన్న మైదానప్రదేశములవారికి అది యష్టపాదమృగ మయ్యెను.

సింహవధయు నిట్లే క్రమముగా వచ్చినది. శాంతిపర్వమునం దొక మునియు, ఆయన నాశ్రయించిన కుక్కయుఁ గల కథ యున్నది. చిఱుతపులి మీఁదికి రాఁగా ముని దయచేతఁ గుక్క చిఱుతపులి యయ్యెను. పులి రాఁగాఁ బులి, ఏనుఁగు రాఁగా నేనుఁగు, సింహము రాఁగా సింహ మయ్యెను. తుదకు సింహమును జంపు శరభము రాఁగా శరభ మయ్యెను. పిమ్మట మునినే చంపఁజూచి, ఆయన శాపముచేత మరలఁ గుక్క యయ్యెను. ఈ కథకు సింహమునకుఁ బైమెట్టు కావలెను. మృగరాజును మించిన మృగము గ్రామమునందును, సమీపారణ్యమునందును లేదు. దూరపర్వతములయందు వినికిడిగా మాత్రమున్న శరభ మా మెట్టుపై నిలిచినది. చూచినవారు తక్కువ కావున దాని బలమునకు హద్దు చెప్పువారు లేరైరి. ఈ ప్రసిద్ధియు సార్వత్రికము కాదు. భాగవతము అష్టమస్కంధమున గజేంద్రుని వాసన సోఁకినంతనే పరుగిడు మృగములలో శరభములును ఉన్నవి. కుంజరారాతి యని కోశము చెప్పిన మృగము అచ్చటఁ గుంజరమునకు వెఱచి పాఱుచున్నది.

ఇఁక ఱెక్కలు. దీనికి ముఖ్యమైన సాక్ష్యము మేఘసందేశము. గంగాప్రభవమైన హిమవంతమున శరభములు మేఘునిపై నలిగి, యతనిని దాఁటవలె నని యెగసి, తమ యంగములనే విఱుగఁగొట్టుకొను నని యక్షుఁడు చెప్పును. వడగండ్లవానచేత వానిని జెదరఁగొట్టు మనియు నుపదేశించును. ఈ శ్లోకమును జెప్పునపుడు శరభమునకు ఱెక్కలు గలవని శిష్యునకుఁ జెప్పినచో శ్లోకార్థమే చెడిపోవును. ఱెక్కలున్న జంతువు మేఘము నంటుటకై యెగిరినచో నంగభంగ మేల కలుగును? అందరానిదానికై దూఁకి క్రిందఁ బడు జంతువునకే యంగభంగము. వ్యర్థప్రయత్నమునకు ఫలము పరిభవ మను అర్థాంతరన్యాసము ఱెక్కలు లేని శరభమునకే పొసఁగును. మెదకుసీమయందలి కొలిచెలమకుఁ జెందిన మల్లినాథసూరియు నిచ్చట శరభములకు అష్టాపదమృగవిశేషము లనియే వ్యాఖ్య వ్రాసెను.

అయినను ఆ శ్లోకమునందే ఱెక్కలకు బీజ మున్నది. కవి ప్రయోగించిన పదము ఉత్పతనము. పత్ ధాతువు పక్షిగమనమునకును, పాటునకును, దూఁకుటకును సమానము. పతగము, పతంగము, పతత్రము మొదలగు పక్షివాచకములును, పక్షవాచకములును ఆ ధాతువునుండియే పుట్టినవి. తెలుఁగునందును ఎగురుట యనునది పిల్లవానికిని, పిచ్చుకకును సమానముగనే చెల్లుచున్నది గదా! ఉత్పతనమునకుఁ బ్రసిద్ధమైన మృగమును గూర్చి విన్నవాఁడు, చూడనివాఁడు, దానికి ఱెక్కలు కల్పించుకొనుటకు భాషయే దారి తీసినది. ఇది మొదటి హేతువు.

రెండవ హేతువు శలభము. మల్లినాథుఁడు ఈ శ్లోకవ్యాఖ్యలోనే విశ్వకోశమును బ్రమాణముగాఁ జూపెను. దాని ప్రకారము శరభశబ్దమునకు శలభ మనియు, అష్టాపద మనియు రెండర్థములు. రలల కభేదము ఆలంకారికులకును, వైయాకరణులకును సమ్మతమే. ఒకే యుణాదిసూత్రమునఁ బ్రక్కప్రక్కను బుట్టి, ఒక్క యక్షరముచేత మాత్రమే వేఱైన యీ రెండు శబ్దములును లోకవ్యవహారమున నొకదానియర్థము నొకటి పుచ్చుకొన్నవి. మిడుతకు ఱెక్కలున్నవి, అది దూఁకును, ఎగురును, దాని వెనుకకాళ్లు వీపుకంటె మీఁదికి లేచియుండును. అష్టపాదమును, ఊర్ధ్వచరణమును, ఉత్పతనశీలమును అగు శరభమునకు నామసామ్యమును, రూపసామ్యమును గల శలభముయొక్క ఱెక్కలు సంక్రమించుట వింత కాదు.

మూఁడవది సాళువము. ఆగమతంత్రములయందు శరభమూర్తికి సాళువ మనియు, సాల్వ మనియు, పక్షిరా జనియు నామాంతరము లున్నవి. సాళువ మనఁగాఁ దెలుఁగునందు వేఁటకుఁ బెంచు డేగ. పక్షులలో మృగయాశీలమైన దానిపేరు మృగములలో సింహఘాతి యైనదానికిఁ జేరఁగా, మృగపక్షిస్వరూపము సంపూర్ణమైనది.

ఈ మూఁడు హేతువులచేత సిద్ధముగా నున్న రూపమును పురాణములు గ్రహించినవి. లింగపురాణ పూర్వభాగమునందును, శివపురాణ శతరుద్రసంహితయందును హిరణ్యకశిపువధానంతరము శాంతింపని నృసింహుని శమింపఁజేయుటకు వీరభద్రుఁడు పోయి, శరభరూపముఁ దాల్చిన కథ యున్నది. సింహమును జంపు మృగము శరభ మని లోకము ముందే యెఱిఁగియుండుటచేత, నరసింహుని యెదుర నిలుపుటకు మఱొక మృగమును వెదకవలసిన పని లేకపోయెను. ఉత్తరకామికాగమము శరభమునకు బంగారువన్నె గల పక్షిదేహమును, పైకెత్తిన రెండు ఱెక్కలును, నేలపై నాలుగు సింహపాదములును, మీఁదికి నాలుగు పాదములును విధించినది. ధ్యానములలో నా ఱెక్కలు కాళియు, దుర్గయు. చోళులకాలమున నీ మూర్తికి శిలారూపము వచ్చినది. రెండవ రాజరాజు (1146–1173) కట్టించిన దారాసురపు ఐరావతేశ్వరాలయమునను, మూఁడవ కులోత్తుంగుఁడు (1178–1218) కట్టించిన త్రిభువనపు కంపహరేశ్వరాలయమునను శరభమూర్తి ప్రసిద్ధము.

వైష్ణవులు దీనికిఁ బ్రతిగా గండభేరుండనృసింహుని జెప్పిరి. గండభేరుండమును అప్పటికిఁ గ్రొత్తది కాదు. ఒక్క కడుపును రెండు కంఠములును గల భారుండపక్షి పంచతంత్రమునకే తెలియును. కర్ణాటదేశమున బళ్లిగావిలో గండభేరుండస్తంభము క్రీ. శ. 1047లో నిలుపఁబడినది. 1117లో బేలూరున విష్ణువర్ధనుఁడు ప్రతిష్ఠించిన చెన్నకేశవాలయమున నొక శిల్పము గలదు. అందు జింకను గొండచిలువయు, కొండచిలువను ఏనుఁగును, ఏనుఁగును సింహమును, సింహమును శరభమును, శరభమును గండభేరుండమును బట్టియున్నవి. ఇది శాంతిపర్వకథయందలి సోపానమే. దానికి మఱొక మెట్టు కట్టఁబడినది. అయితే మహాభారతకర్త తన సోపానమును మరలఁ గుక్కతో ముగించి, బలమున కంతము లేదనియు, గర్వమున కున్నదనియుఁ దెలిపెను. తరువాతివా రా ముగింపును విడిచి మెట్లను మాత్రమే గ్రహించిరి.

కలహమునకుఁ బూర్వము శరభనామ మెవ్వరిసొత్తును గాదనుటకుఁ బ్రబలసాక్ష్యము లున్నవి. విష్ణుసహస్రనామములలో శరభ యనునది విష్ణునామము. శంకరభగవత్పాదులు, నశించు స్వభావముగల శరీరములయందుఁ బ్రత్యగాత్మగాఁ బ్రకాశించువాఁడు కావున శరభుఁ డని వ్యాఖ్యానించిరి. పరాశరభట్టారకులు హింసార్థకధాతువును బట్టి, మర్యాద దాఁటినవారిని శిక్షించువాఁ డని చెప్పిరి. రామాయణమున శరభుఁడు వానరసేనాపతులలో నొకఁడు. క్రీ. శ. 510 నాఁటి యేరణు శాసనమున గోపరాజు శరభరాజునకు దౌహిత్రుఁడుగాఁ జెప్పఁబడెను. దక్షిణకోసలము నేలిన శరభపురరాజులు తమ్ముఁ బరమభాగవతులుగాఁ జెప్పుకొనిరి. నృసింహునకు శత్రు వనుభావ మప్పుడే శరభనామమున కంటియున్నచో, విష్ణుభక్తులగు రాజులు తమ రాజధానికి నాపేరు నిలుపుకొనియుండుట పొసఁగదు.

ఆంధ్రదేశమున నీ శబ్దము గ్రంథములయందే కాక గొంతులయందును జీవించియున్నది. వీరభద్రుని సంబరములలో ఖడ్గము పట్టి దండకములు చదువువారు శరభనామము నుచ్చరించుచుఁ జిందులు త్రొక్కుదురు. అర్థము తెలియనివారికి అది వట్టి కేకగాఁ దోఁచును. లింగపురాణకథ నెఱిఁగినవారికి, శరభరూపము దాల్చినవాఁడు వీరభద్రుఁడే కావున, అది యా దేవుని సంబోధన మని తెలియును. మఱొక యుదాహరణము విజయనగరచరిత్రమునందలిది. 1485 మొదలు 1491 వఱకు రాజ్యమేలిన సాళువ నరసింహరాయని పేరున శరభమూర్తి నామాంతరమైన సాళువమును, శరభమునకుఁ బ్రతిపక్షమని చెప్పఁబడు నరసింహుఁడును ఒక్కచోఁ గూడియున్నారు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుఁ డాతనికే జైమినిభారతము నంకితము చేసెను. సాళువ నరసింహుఁ డనుచోటఁ జెవి కించుకయు వైరము వినఁబడదు.

శరభ మెన్నఁడును లేనిదే కదా, కల్పితమృగమున కింత విచార మేల యని కొంద ఱందురు. కల్పితమునకును గారణ ముండును. ఈ శరభమునకు మూలముగా నొక సత్యమృగము కలదు. దానిమీఁద ఉత్పతనశబ్దమును, శలభసామ్యమును, సాళువనామమును ఱెక్కలు కట్టినవి. పురాణరూపమే సనాతనము, వేదకావ్యములయందు అది యధ్యాహార్య మని మఱికొంద ఱందురు. శబ్దార్థనిర్ణయమునకుఁ బ్రకరణమే శరణ్య మని మీమాంసకులును, ఆలంకారికులును ఏకకంఠముగాఁ జెప్పుదురు. ఉపాసకునకు ధ్యానశ్లోకమునందలి శరభమూర్తి యెంత ప్రమాణమో, మేఘసందేశమును జదువువానికిఁ గాళిదాసుని హిమవచ్ఛరభ మంత ప్రమాణము. ఒకదానిచేత నొకటి బాధింపఁబడదు.

కావున నిఘంటుకర్తలు శరభశబ్దమున కర్థములను వరుస తప్పక చెప్పవలెను: మేఁకనుబోలిన యారణ్యపర్వతమృగము వేదమునందు, అష్టపాదమును సింహఘాతియు నగు మృగము ఇతిహాసకోశములయందు, మిడుత కోశాంతరమునందు, పక్షయుక్తమైన శివమూర్తి పురాణాగమములయందు, విష్ణువు సహస్రనామములయందు. అధ్యాపకులు మేఘసందేశమును జెప్పునపుడు శరభమునకు ఱెక్కలు తగిలింపకుండిరేని, ఎగురలేక యెగసి పడిన యా మృగముయొక్క దైన్యము శిష్యులకుఁ జక్కఁగా బోధపడఁగలదు.